వెతికిన దారికి బహుమతి

మా డిగ్రీ చివరి ఏడాది ప్రాజెక్టు రిపోర్టు కాలేజీ పక్కనున్న జెరాక్స్ షాపులో పుట్టింది. సీనియర్ల ఫైలు ఆ షాపు కంప్యూటర్‌లోనే ఉండేది. పేరు, హాల్ టికెట్ నంబరు, గైడు పేరు మారిస్తే చాలు, సాయంత్రానికి స్పైరల్ బైండింగ్‌తో చేతికొచ్చేది. వైవాకి వచ్చిన ఎక్స్‌టర్నల్ నాలుగు పేజీలు తిప్పి, ఒక పట్టిక మీద వేలు పెట్టి, "ఈ లెక్కలు ఎక్కడివి బాబూ?" అని అడిగారు. "బుక్‌లో ఉన్నాయి సార్" అన్నాను. "ఏ బుక్?" అన్నారు. నేను గైడు వైపు చూశాను. గైడు కిటికీ వైపు చూశారు. మార్కులు మాత్రం బాగానే పడ్డాయి.

సరిగ్గా ఆ "ఏ బుక్?" అన్న ప్రశ్న మీదే నడిచే అవార్డులు ఉన్నాయని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అమెరికాలో చాలా యూనివర్సిటీ లైబ్రరీలు డిగ్రీ విద్యార్థుల పరిశోధనకు ఏటా బహుమతి ఇస్తాయి. ఇచ్చేది హిస్టరీ డిపార్ట్‌మెంటో సోషియాలజీ డిపార్ట్‌మెంటో కాదు, లైబ్రరీ. కొన్ని చోట్ల సైన్సు విద్యార్థులకు ఒకటి, చరిత్ర, సాహిత్యం, రాజనీతి, మానవ శాస్త్రం లాంటివి చదివేవారికి మరొకటి ఇస్తారు. డబ్బు పెద్ద మొత్తమేమీ కాదు. మామూలుగా కొన్ని వందల డాలర్లు, మహా అయితే వెయ్యీ ఆ పైన కాస్త.

కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్కిలీ క్యాంపస్‌లో ఇలాంటి లైబ్రరీ ప్రైజ్ రెండు దశాబ్దాలకు పైగా నడుస్తోంది. అక్కడే చదువుకున్న ఒకావిడ పేరు మీద ఇస్తారు. దాని నియమాలు చూస్తే మొదట కాస్త వింతగా ఉంటాయి. వ్యాసం పంపాలి, అది సరే. వాడిన పుస్తకాలు, పత్రాల జాబితా పంపాలి, అదీ సరే. పాఠం చెప్పిన ప్రొఫెసర్ నుంచి ఒక ఉత్తరం కావాలి. వీటితోపాటు రెండు మూడు పేజీల చిన్న రచన ఒకటి విడిగా అడుగుతారు. అందులో మీ వ్యాసం దేని గురించో చెప్పక్కర్లేదు. ఎక్కడ మొదలుపెట్టారు, ఏ మాటలతో వెతికారు, ఏం దొరకలేదు, దొరకనప్పుడు ఏం చేశారు, దొరికిన వాటిలో దేన్ని ఎందుకు నమ్మారు, దేన్ని పక్కన పెట్టారు అనేది చెప్పాలి. లైబ్రేరియన్లు, అధ్యాపకులు కలిసి కూర్చునే కమిటీ ఇవన్నీ చదువుతుంది. మామూలు వ్యాసరచన పోటీకీ దీనికీ తేడా అంతా ఈ చిన్న రచనలోనే ఉంది. వ్యాసం ఎంత గొప్పగా ఉన్నా, దాని వెనకున్న వెతుకులాట కనబడకపోతే ఇక్కడ నెగ్గడం కష్టం.

ఇది ఎందుకిలా తయారైందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. అమెరికాలో డిగ్రీ పిల్లలను పరిశోధనలోకి దింపాలన్న ఆలోచన ల్యాబ్‌ల దగ్గర మొదలైంది. మసాచుసెట్స్‌లోని ఎంఐటీ 1969లోనే ఇందుకు ఒక కార్యక్రమం పెట్టింది. డిగ్రీ విద్యార్థి వెళ్లి ప్రొఫెసర్ ల్యాబ్‌లో పనిచేస్తాడు, పని నేర్చుకుంటాడు. 1998లో, అక్కడి యూనివర్సిటీల్లో డిగ్రీ చదువు ఎలా ఉందో పరిశీలించిన బోయర్ కమిషన్ ఒక నివేదిక ఇచ్చింది. పేరుకి పరిశోధనా విశ్వవిద్యాలయాలు, కానీ డిగ్రీ పిల్లలకు ఆ పరిశోధన గాలి కూడా సోకడం లేదని అది గట్టిగానే మందలించింది. ఆ తర్వాత దేశమంతా ఈ ఊపు వచ్చింది.

అయితే ల్యాబ్ పద్ధతి చరిత్ర విద్యార్థికి ఎలా కుదురుతుంది? కెమిస్ట్రీ ప్రొఫెసర్ ఒక కుర్రాణ్ని పిలిచి "ఈ పరీక్షనాళిక పట్టుకో" అనగలరు. హిస్టరీ ప్రొఫెసర్ ఒంటరిగా కూర్చుని చదువుకుంటారు. "నా పక్కన కూర్చుని చదువు" అంటే పని జరగదు. ఈ సబ్జెక్టులకు ల్యాబ్ ఏదైనా ఉందంటే అది లైబ్రరీయే. పరికరాలు అక్కడున్న కేటలాగులు, పాత పత్రికల ఫైళ్లు, పాత పేజీలను ఫొటో తీసి చిన్న ఫిల్ము మీదకు ఎక్కించిన మైక్రోఫిల్ములు, ఉత్తరాల పెట్టెలు. ల్యాబ్ అసిస్టెంట్ పని చేసేది లైబ్రేరియన్. కాబట్టి ఈ సబ్జెక్టుల పరిశోధనకు లైబ్రరీ అవార్డు ఇవ్వడంలో వింతేమీ లేదు.

ఇంకో కారణమూ ఉంది, దాన్ని లైబ్రరీలు అంత బాహాటంగా చెప్పవు. అన్నీ ఫోన్‌లోనే దొరుకుతున్నాయనుకునే కాలంలో, ఇంత ఖర్చు పెట్టి లైబ్రరీ ఎందుకని అడిగేవాళ్లు పెరిగారు. "మా దగ్గరున్న ఫలానా పెట్టె తెరిచి ఒక పంతొమ్మిదేళ్ల అమ్మాయి ఇంత మంచి వ్యాసం రాసింది" అని చూపించగలిగితే, బడ్జెట్ మీటింగులో దానికి విలువుంటుంది. ఇందులో తప్పేమీ లేదని నా అభిప్రాయం. మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్‌గా పనిచేసిన రంగనాథన్ గారు 1931లోనే తన అయిదు సూత్రాలలో ఒకటిగా చెప్పారు, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలని. అరల్లో పడి ఉన్న పుస్తకానికి పాఠకుణ్ని వెతికిపెట్టడం లైబ్రరీ పనే అయినప్పుడు, అలా దొరికిన పాఠకుడికి దండ వేయడం కూడా దాని పనే.

సరే, వెతుకులాటను ఎలా అంచనా వేస్తారు? వంట రుచి చూడవచ్చు, కూరగాయలు ఎలా ఎంచుకొచ్చారో ఎలా తెలుస్తుంది? ఒక ఉదాహరణ ఊహించుకుందాం.

బర్కిలీలో రెండో ఏడాది చదివే ఒక అమ్మాయి గదర్ పార్టీ మీద వ్యాసం రాయాలనుకుందనుకోండి. మొదటి ప్రపంచ యుద్ధం ముందు అమెరికా పశ్చిమ తీరంలోని భారతీయులు బ్రిటిష్ పాలన మీద తిరుగుబాటు కోసం పెట్టుకున్న పార్టీ అది. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వాళ్ల పత్రిక తొలి సంచిక 1913 నవంబరు 1న ఉర్దూలో వచ్చింది. ఆ అమ్మాయి లైబ్రరీ కేటలాగ్‌లో "ఇండియన్స్, కాలిఫోర్నియా" అని కొడుతుంది. వేల పుస్తకాలు వస్తాయి, అన్నీ అమెరికా ఆదివాసుల గురించి. అక్కడ "ఇండియన్" అంటే మొదట గుర్తొచ్చేది వాళ్లే మరి. మనవాళ్లను ఆ కేటలాగులు "ఈస్ట్ ఇండియన్స్" అనే శీర్షిక కింద పెట్టాయి. ఈ సంగతి ఎవరైనా చెప్పాలి, లేదా రెండు రోజులు తల బాదుకుని తెలుసుకోవాలి.

తర్వాత ఆ కాలపు కాలిఫోర్నియా పత్రికలు వెతుకుతుంది. "ఈస్ట్ ఇండియన్" అని కొడితే పెద్దగా ఏమీ రాదు. "సిఖ్" అని కొడితే కొద్దిగా వస్తుంది. అసలు మాట వేరే ఉంది. ఆనాటి అమెరికన్ పత్రికలు మన దేశం నుంచి వచ్చిన ప్రతి ఒక్కరినీ "హిందూ" అనే రాసేవి. వచ్చినవాళ్లలో ఎక్కువమంది పంజాబీ సిక్కులు, వాళ్లతో ముస్లింలూ ఉన్నారు, అయినా అందరూ హిందువులే. 1923లో అమెరికా సుప్రీం కోర్టు పౌరసత్వం కేసు తీర్పులో సైతం, సిక్కు అయిన భగత్ సింగ్ థింద్‌ను "హిందూ" అనే రాశారు. ఈ ఒక్క మాట తెలియగానే తలుపు తెరుచుకుంటుంది. అంతేకాదు, ఆ అమ్మాయి వ్యాసానికి ఒక కొత్త ప్రశ్న కూడా పుడుతుంది: ఒక దేశం వాళ్లందరినీ ఒక మతం పేరుతో పిలిస్తే, వాళ్ల రాజకీయాన్ని ఆ సమాజం ఎలా అర్థం చేసుకుంటుంది? వెతకడంలో ఎదురైన అడ్డంకే వాదనగా మారింది. కమిటీ చూడాలనుకునే మలుపు ఇదే. ఆ చిన్న రచనలో ఇది రాకపోతే, చివరి వ్యాసంలో ఆ వాదన ఆకాశం నుంచి ఊడిపడినట్టు కనబడుతుంది.

ఇంకా ముందుకెళ్దాం. బర్కిలీ లైబ్రరీలో ఉత్తర అమెరికాలోని దక్షిణాసియా వాసులకు చెందిన పత్రాల సేకరణ విడిగా ఉంది. అందులో గదర్ కాగితాలూ ఉన్నాయి. అక్కడ పని వేరే రకం. పుస్తకం లాగా అర దగ్గరికి వెళ్లి తీసుకోవడం కుదరదు. ఏ పెట్టెలో ఏ ఫోల్డరుందో చెప్పే జాబితా ముందు చదవాలి, పెట్టె అడిగి తెప్పించుకోవాలి, పెన్ను లోపలికి తీసుకెళ్లనివ్వరు, పెన్సిలే. ఆ జాబితాలు రాసినవాళ్లు కొన్ని పత్రాలను వివరంగా, కొన్నిటిని "ఇతర ఉత్తరాలు" అని ఒక్క ముక్కలో రాసి ఉంటారు. నిధి చాలాసార్లు ఆ "ఇతర" లోనే ఉంటుంది, కానీ దానికి ఓపిక కావాలి.

ఆ తర్వాత కోర్టు కాగితాలు. 1917 నవంబరు నుంచి 1918 ఏప్రిల్ వరకు శాన్‌ఫ్రాన్సిస్కోలో గదర్ వాళ్ల మీద పెద్ద కుట్ర కేసు నడిచింది. ముగిసే వేళకు కోర్టు గదిలోనే నిందితుల్లో ఒకడైన రామ్ సింగ్, పార్టీ నాయకుడు రామచంద్రను కాల్చి చంపాడు. ఈ కేసు రికార్డులు నిండా సమాచారమే. కానీ ఎవరి సమాచారం? గూఢచారులు రాసింది, ప్రాసిక్యూషన్ ఎంచుకుని పెట్టింది. అందులో నిందితుల మాటలున్నాయి, కానీ వాళ్లు తమకు తాముగా చెప్పుకున్న మాటలు కావు. ప్రభుత్వం భయపడినంత పెద్దదిగా పార్టీ అందులో కనబడుతుంది. పార్టీ వాళ్ల పత్రిక చూస్తే, తమను తాము అనుకున్నంత పెద్దదిగా కనబడుతుంది. రెండిటి మధ్యా నిజం ఎక్కడుందో తేల్చాలంటే మూడో సాక్షి కావాలి.

ఆ మూడో సాక్షుల్లో ఒకరు తెలుగువారు. కనిగిరి ప్రాంతం నుంచి చదువు కోసం అమెరికా వెళ్లి, బర్కిలీలో చదువుతూ గదర్ పార్టీలో పనిచేసిన దరిశి చెంచయ్య గారు. ఆయన ఆత్మకథ "నేనూ నా దేశం" తెలుగులో ఉంది. మన ఊహాపాత్రకి తెలుగు రాకపోతే అది లేనట్టే లెక్క. తెలుగింటి అమ్మాయే అయినా, ఇంట్లో మాట్లాడటం వరకే వచ్చి చదవడం రాకపోతే, అమ్మమ్మకు వీడియో కాల్ చేసి పేజీలు చదివించుకోవాలి. నవ్వులాట కాదు, ఇదీ పరిశోధనే. ఆ సంగతీ రచనలో రాయవచ్చు, రాయాలి కూడా. ఇక ఆయన పేరును ఇంగ్లిషులో రకరకాలుగా రాస్తారు, చివర ఒక చోట "ఐయా", ఒక చోట "అయ్య", ఒక చోట "య్య". ఒక స్పెల్లింగుతో వెతికితే ఆయన దొరుకుతారు, మరో దాంతో వెతికితే దొరకరు. ఇక ఆత్మకథ ఎన్నో ఏళ్ల తర్వాత జ్ఞాపకం మీద రాసింది, అందులో తేదీలు తప్పు పడవచ్చు, తన పాత్ర కాస్త పెరగవచ్చు. అలాగని కోర్టు కాగితం కంటే అది తక్కువా? ఇలాంటి తూకం వేయడం నేర్చుకోవడమే డిగ్రీలో పరిశోధన అంటే. కొత్త సత్యం కనిపెట్టడం పీహెచ్‌డీ వాళ్ల తలనొప్పి.

అసలు తెలుగు పుస్తకాలు అమెరికా లైబ్రరీల్లో ఎందుకున్నాయి అన్నదీ ఒక కథే. పెద్దవాళ్లను అడిగితే పీఎల్ 480 గోధుమలు గుర్తుచేసుకుంటారు, రేషన్ షాపులో ఇచ్చిన ఆ ఎర్ర గోధుమలు. 1954లో వచ్చిన ఆ అమెరికా చట్టం కింద మనం ధాన్యం తీసుకుని డబ్బు రూపాయల్లోనే కట్టాం. ఆ రూపాయలను అమెరికా తన దేశానికి తీసుకెళ్లి ఏం చేసుకుంటుంది? ఇక్కడే ఖర్చు పెట్టాలి. అందులో కొంత భాగంతో అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ 1962 నుంచి ఢిల్లీ ఆఫీసు ద్వారా భారతీయ భాషల పుస్తకాలు కొని, తమ దేశంలోని కొన్ని యూనివర్సిటీలకు పంపింది. అలా నవలలు, కవిత్వం, వ్యాకరణాలు ఓడలెక్కాయి. గోధుమలు ఇటు, పుస్తకాలు అటు. గోధుమలు ఎప్పుడో అరిగిపోయాయి. పుస్తకాలు మాత్రం చికాగోలోనూ మాడిసన్‌లోనూ బర్కిలీలోనూ ఏసీ గదుల్లో భద్రంగా ఉన్నాయి. ఇక్కడ దొరకని పాత తెలుగు పుస్తకం అక్కడ దొరికిందని పరిశోధకులు చెప్పడం మనం వింటూనే ఉంటాం.

మళ్లీ అవార్డు దగ్గరికి వద్దాం. దీని మీద విమర్శలూ ఉన్నాయి, అవి నిజమైనవే. పగలు క్లాసులకు వెళ్లి, సాయంత్రాలు హోటల్లో పార్ట్‌టైమ్ చేసుకునే విద్యార్థికి, పని రోజుల్లో పగలు మాత్రమే తెరిచే ఆర్కైవ్ (పాత పత్రాలు దాచే చోటు) గదిలో గంటల తరబడి కూర్చునే వీలుండదు. డబ్బున్న యూనివర్సిటీకి అపురూపమైన సేకరణలుంటాయి, కాబట్టి దాని విద్యార్థుల వ్యాసాలూ అపురూపంగా కనబడతాయి. ఇంకోటి, ఆ రెండు మూడు పేజీల రచన ఒక మూసలో పడిపోయే ప్రమాదం ఉంది. "మొదట గూగుల్‌లో వెతికి తికమకపడ్డాను, తర్వాత లైబ్రేరియన్ మేడమ్‌ని కలిశాను, నా కళ్లు తెరుచుకున్నాయి" తరహా. అవార్డు ఇచ్చేది లైబ్రరీ అయినప్పుడు లైబ్రేరియన్ని పొగిడితే పోయేదేముంది అనుకునే తెలివైన పిల్లలు ఎక్కడైనా ఉంటారు. మంచి కమిటీ దాన్ని పట్టేస్తుంది. పొగడ్తకు వివరాలుండవు. నిజంగా వెతికినవాళ్లు రాస్తే అందులో ఫలానా సంపుటం కనబడకపోవడం, ఫలానా మైక్రోఫిల్ము గీతలు పడి ఉండటం, ఫలానా మధ్యాహ్నం వృథా కావడం ఉంటాయి.

జాబితాలోని పుస్తకాల సంఖ్య కూడా మోసమే. అరవై పేర్లు పెట్టి ఆరు చదివినవాళ్లు ఉంటారు, పది పేర్లే పెట్టి పదింటినీ నమిలినవాళ్లు ఉంటారు. అందుకే ఎన్ని మూలాలన్నది పెద్దగా లెక్కలోకి రాదు, ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకున్నాయన్నదే చూస్తారు. అమెరికా కాలేజీ లైబ్రరీల సంఘం 2016లో ఆమోదించిన ఒక పత్రం ఈ ఆలోచనకు వెన్నెముక లాంటిది. అందులో పరిశోధన అంటే పండితుల మధ్య ఎప్పటి నుంచో నడుస్తున్న సంభాషణ అన్నారు. మన రచ్చబండ గుర్తొస్తుంది నాకు. కొత్తగా వచ్చినవాడు ముందు కూర్చుని, ఎవరు ఏమంటున్నారో విని, ఎవరికీ తట్టని మాట ఉంటే అప్పుడు గొంతు విప్పాలి. వచ్చీ రాగానే అరిస్తే ఎవరూ వినరు.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఈ వ్యవహారం కొత్త మలుపు తీసుకుంది. అడిగితే అది వ్యాసం రాసిపెడుతుంది, అడుగున పుస్తకాల పేర్లు కూడా పెడుతుంది. కొన్నిసార్లు ఆ పుస్తకాలు ప్రపంచంలో ఎక్కడా ఉండవు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు అలా పుట్టిన, అసలు లేనే లేని తీర్పులను కోర్టులో దాఖలు చేసి 5,000 డాలర్ల జరిమానా తిన్నారు. వ్యాసం ఒక్కటే చూసే పోటీలకు ఇది పెద్ద టెన్షన్. దారి కూడా అడిగే పోటీకి అంత కాదు, ఎందుకంటే ఫలానా పెట్టె ఏ రంగులో ఉందని అడిగితే యంత్రం తడబడుతుంది. అయితే దారి కథను కూడా యంత్రంతో రాయించుకోవచ్చు కదా అంటారా? రాయించుకోవచ్చు. అప్పుడు ప్రొఫెసర్ ఉత్తరం, లైబ్రేరియన్ జ్ఞాపకం అక్కరకొస్తాయి. పెట్టె అడిగి తెప్పించుకున్నవాళ్ల పేర్లు రిజిస్టరులో ఉంటాయి.

మన దగ్గర సంగతి? యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన నాలుగేళ్ల డిగ్రీ విధానంలో, మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఆపైన తెచ్చుకున్నవాళ్లు నాలుగో ఏడాది పరిశోధన చేసి "ఆనర్స్ విత్ రీసెర్చ్" డిగ్రీ తీసుకోవచ్చు. దానికి 12 క్రెడిట్ల ప్రాజెక్టు ఉంటుంది. అంటే డిగ్రీ స్థాయి పరిశోధన అనేది కాగితం మీదకు వచ్చేసింది. ముడిసరుకుకు కొదవలేదు. హైదరాబాద్ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో మొఘల్ కాలం నాటి పర్షియన్ కాగితాలున్నాయి. 1918లో పుట్టిన వేటపాలెం సారస్వత నికేతనంలో పాత పత్రికల ఫైళ్లున్నాయి. రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం, హైదరాబాద్ సుల్తాన్ బజార్లో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం. ఇవన్నీ బస్సు టికెట్ దూరంలో ఉన్నవే.

ఇంటి నుంచే వెతకాలంటే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన వేల తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైటులో ఉన్నాయి. కానీ వాటి పేర్లను ఇంగ్లిషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించారు. దీర్ఘం ఒక చోట రెండు "ఎ"లు, ఒక చోట ఒకటే, ఒత్తులు ఉంటే ఉన్నట్టు లేకపోతే లేనట్టు. కావలసిన పుస్తకం అక్కడే ఉంటుంది, దాన్ని ఎక్కించిన టైపిస్టు తప్పును మనం ఊహించగలిగితేనే దొరుకుతుంది. "హిందూ" అన్న మాటతో కాలిఫోర్నియా పత్రికలు తెరిచిన అమ్మాయి చేసిన పనే ఇది. మన దగ్గర ఇలా పుస్తకాలు పట్టుకునే నేర్పు ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు, వాట్సాప్ గ్రూపుల్లో అడిగితే పది నిమిషాల్లో లింకు పంపుతారు. ఎలా పట్టుకున్నారో మాత్రం ఎవరూ రాసిపెట్టరు, ఎవరూ అడగరు.

ప్రాజెక్టు రిపోర్టులో సర్టిఫికెట్ పేజీ ఉంటుంది, కృతజ్ఞతల పేజీ ఉంటుంది, తల్లిదండ్రులకు అంకితం ఉంటుంది. ఎక్కడెక్కడ వెతికాను, ఎక్కడ దొరకలేదు అని ఇంకొక్క పేజీ పెట్టమని ఏ కాలేజీ అయినా అడగొచ్చు. దానికి యూజీసీ అనుమతి అక్కర్లేదు, బహుమతి డబ్బు కూడా అక్కర్లేదు. ఆ ఒక్క పేజీ జెరాక్స్ షాపు కంప్యూటర్‌లో దొరకదు. దొరికినా, వైవాలో రెండో ప్రశ్నకే బయటపడుతుంది.